కొలపుల్ల తిప్పి చూసే మేస్త్రి

ఏసుదానం మేస్త్రి చేతులు అప్పటికే నా చక్రం మీద ఉన్నాయి. నేనింకా దాన్ని మోసుకొచ్చిన గోనెసంచి మడత పెడుతున్నాను. ఆయన ఒక వెదురు పుల్ల తీసి, చక్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆనించి, కత్తితో సరిగ్గా ఆ కొలతకు కోశాడు. తరవాత పుల్ల మధ్యను బొటనవేలితో నొక్కి పట్టి, గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగా తిప్పాడు. పావు చుట్టు తిరిగేసరికి పుల్ల రెండు కొసలూ అంచు దాటి బయటికి వచ్చాయి. ఇంకో పావు చుట్టు తిరిగేసరికి మళ్లీ సరిపోయాయి.

"ఇది పోత పోసినోడి తప్పు కాదు. నీ కర్ర నమూనా తెచ్చేవా?" అన్నాడు.

తెచ్చాను. దానికి వేరే పుల్ల కోసి అలాగే తిప్పాడు. అక్కడా అంతే. ఒక పక్క సరిపోయింది, అడ్డంగా తిప్పితే పావు అంగుళం తేడా.

"నమూనా ఎలాగుందో ఇనుము అలాగే వొచ్చింది, పరదేశీ. ఇనుము అబద్ధమాడలేదు."

అది 1954, మాఘమాసం మొదట్లో మాట. నాకు చోడవరంలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి చూసి, మళ్లీ బిగించి, ఎక్కడ చెడగొట్టానో చూసుకుని నేర్చుకున్నాను. ఇనుము ఎలా నడుచుకుంటుందో నాకు తెలుసు. కర్ర కూడా అలాగే నడుచుకుంటుందనుకున్నాను. ఆ పొరపాటు దిద్దిన మనిషి గురించే ఇది రాస్తున్నాను.

వడ్డాది దగ్గర పల్లెలో నూకరత్నానికి ఒక చెరుకు గానుగ ఉంది. ఇంజనుతో తిరిగేది. భర్త పోయాక ఆమే నడుపుతోంది. చుట్టుపక్కల ఐదు కుటుంబాలు తమ చెరుకు అక్కడే వంతులవారీగా ఆడించుకుంటారు. అంతకు ముందు సంవత్సరం గానుగలో పెద్ద పళ్లచక్రం రెండుగా విరిగింది. ఆ గానుగ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. కొత్త చక్రం కొనుక్కోవడానికి లేదు, పోత పోయించాలి. పోత పోయాలంటే ముందు అదే ఆకారంలో కర్రతో నమూనా చేయాలి. దాన్ని ఇసుకలో అదిమి బయటికి తీస్తే గుంట మిగులుతుంది. కరిగిన ఇనుము ఆ గుంటలో పోస్తారు.

ఆ నమూనా నేనే చేస్తానని పూనుకున్నాను. శ్రావణమాసంలో మాడుగుల నుంచి ఒక పనస పలక తెప్పించాను. అడుగున్నర పైన వెడల్పు, ఎక్కడా అతుకు లేదు. ఒకే పలక దొరికిందని మురిసిపోయాను. కైవారం పెట్టి గుండ్రంగా గీసి, కోసి, పళ్లు చెక్కి, గోడకు తగిలించాను. అప్పుడది గుండ్రంగానే ఉంది. పుష్యమాసంలో తీసి అనకాపల్లి పంపించి పోత పోయించాను. మళ్లీ కొలవలేదు. మధ్యలో ఇరుసు కన్నం లేతు మీద తీసేటప్పుడు అంచు కొంచెం ఊగింది. పోత చక్రం కదా, ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను.

నూకరత్నం నన్ను నమ్మి ముందురోజే అరెకరం చెరుకు కోయించింది. చక్రం బిగించి ఇంజను తిప్పితే, దాన్ని ఆనుకుని తిరిగే చిన్న చక్రంతో రెండు చోట్ల పళ్లు బిగుసుకుని ఇంజను మూలిగింది, రెండు చోట్ల పళ్లు అందక టకటకా కొట్టుకున్నాయి. ఆపేశాను. ఆమె చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఒరే పరదేశీ, నాను సక్రం సేయమన్నాను గాని గుడ్డు పెట్టమన్నానేటి?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. కోసిన చెరుకు ఎండిపోకుండా అప్పటికప్పుడు బళ్ల మీద వేయించి, వేరే గానుగవాళ్లను బతిమాలి ఆడించుకుంది. మిగిలిన ఐదు కుటుంబాలవాళ్లూ శివరాత్రి దాకా చూస్తామన్నారు. ఆలోగా గానుగ తిరగకపోతే వాళ్లు వేరే చోటికి పోతారు. అప్పుడు ఆమె ఒక్కదాని చెరుకు కోసం ఇంజను తిప్పడం దండగ. ఇంకొకరి గానుగలోనైతే ఆమె వంతు అందరి తరవాతే వస్తుంది, అప్పటికి ఎండలు ముదిరి చెరుకులో రసం ఇగిరిపోతుంది.

ఆ సాయంత్రమే ఆ గుడ్డును సంచిలో వేసుకుని ఏసుదానం మేస్త్రి ఇంటికి వెళ్లాను.

ఆయన అప్పటికి అరవై దాటినవాడు. పొట్టి మనిషి. ఎడమచేతి చూపుడువేలికి కొస లేదు. చిన్నప్పుడు క్రైస్తవ మిషనువాళ్ల వడ్రంగి బడిలో చేరి, అక్కడి నుంచి విశాఖ రేవుకు వెళ్లి, పోతపనికి నమూనాలు చేసే షాపులో ఇరవై రెండేళ్లు చేశాడు. చెయ్యి నెమ్మదించాక చోడవరం వచ్చి బల్లలు, కిటికీలు, బడికి బెంచీలు చేసుకుంటున్నాడు. నమూనాలు చేయడం వచ్చని ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పుల్ల తిప్పడం అయ్యాక ఆయన నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఒకే మేకుకు రెండు కర్ర బద్దలు వేలాడుతున్నాయి. మూరెడు పొడవున్నవి.

"ఈ రెండూ ఒకే పలకలోవే. ఒకటి నార వెంట, పోగులు పోయే వైపే కోసేను, ఇంకోటి నారకి అడ్డంగా కోసేను. వానల్లో రెండూ సమానంగా కోసేను. ఇప్పుడు సూడు."

నార వెంట కోసిన బద్ద కన్నా అడ్డంగా కోసిన బద్ద గోరు వెడల్పు పొట్టిగా ఉంది.

"మళ్లీ వానలు పడితే?"

"మళ్లీ సమానమవుతాయి. వానలో కర్ర ఉబ్బుద్ది, ఎండలో ముడుసుకుంటది. ముడుసుకోడం అడ్డంగానే. నార వెంట దాదాపు ఏటీ ఉండదు. నేను పని మొదలెట్టే ముందు ఈ బద్దలే సూత్తాను. నువ్వు శ్రావణంలో గుండ్రంగా కోసేవు, అది పుష్యానికి ఒక్క పక్కే ముడుసుకుంది. గుడ్డవక ఏటవుద్ది?"

నేను ఆ బద్దలు పక్కపక్కన పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. పలకలో ఈ మూల కోసినా ఆ మూల కోసినా అదే కర్ర. అదే రంగు, అదే బరువు. చోటు మారితే తేడా లేదు. దిక్కు మారితే తేడా ఉంది. రెండూ ఒకటేనని నేను అన్నాళ్లూ అనుకున్నాను. అన్నిచోట్లా ఒకేలా ఉన్న వస్తువు అన్ని వైపులకూ ఒకేలా ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఇనుముతో బతికినవాడికి అలా అనిపిస్తుంది.

"మీకిది ఎలాగ తెలిసింది మేస్త్రీ? బడిలో చెప్పేరా?"

"సెప్పేరు. వినలేదు." పనిబల్ల మీద చేత్తో కొట్టాడు. ఆ బల్లకు మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు బీట ఉంది. "ఇది మిషను గుడిలో పెట్టడానికి సేసేను. నా పంతొమ్మిదో ఏట. వెడల్పాటి పలక, నాలుగు పక్కలా మేకులతో బిగించేసేను, కదలకుండా. చైత్రంలో ఆదివారం నాడు అయ్యగారు ప్రార్థన సెప్తుంటే ఢామ్మని పగిలింది. జనం లేసి బయటికి పరిగెత్తేరు. ముడుసుకోడానికి సోటివ్వకపోతే కర్ర ఊరుకోదు. ఆ పలక నాకే ఇచ్చేసేరు. నలభై ఏళ్లుగా దాని మీదే పని సేత్తన్నాను."

మర్నాడే పని మొదలుపెట్టాడు. కొత్త కర్ర ముట్టుకోలేదు. కూల్చిన ఇంటి టేకు తలుపు ఒకటి దాచుకున్నాడు, దాన్నే తీశాడు. పలకను గుండ్రంగా కోయలేదు. చంద్రవంక లాంటి ముక్కలు ఆరు కోశాడు. ఒక్కొక్క ముక్కలో నార చక్రం అంచు వెంటే పోయేలా చూసుకున్నాడు. ఆరూ కలిపితే ఒక వలయం. అలాంటివి నాలుగు వలయాలు ఒకదాని మీద ఒకటి. కింది వలయంలో అతుకు ఎక్కడుందో పై వలయంలో అక్కడ నిండు ముక్క వస్తుంది. వాటి మధ్య వజ్రం రాశాడు. తోలు ఉడికించి తీసే జిగురును వడ్రంగులు వజ్రం అంటారు. అది వేడిగా ఉండగానే రాయాలి. కుంపటి మీద డబ్బా పెట్టి కలుపుతూ కూర్చోవడం నా పని.

అప్పుడు నాకు ఇంకోటి తోచింది. మా కొట్టు ముందు నుంచి రోజూ యాభై బళ్లు పోతాయి. ఏ బండి చక్రమూ ఒకే పలకతో చేసింది కాదు. అన్నీ వంపు ముక్కలు చుట్టూ కూర్చినవే. చూస్తూనే ఉన్నాను, ఎందుకలా చేస్తారని ఒక్కసారీ అడగలేదు.

మూడో రోజు దయాసాగర్ మేష్టారు వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెబుతారు. బడి బెంచీల సంగతి అడగడానికి వచ్చి, పక్కన పడి ఉన్న నా గుడ్డు చక్రాన్ని చూశారు. దాన్ని మళ్లీ కరిగించడానికి అప్పుడే సుత్తితో ముక్కలు చేశాను. మేష్టారు ఒక ముక్క తీసుకుని, జేబులోంచి భూతద్దం తీసి, విరిగిన చోట చూసి నాకిచ్చారు. బూడిదరంగులో సన్నటి గింజలు తళతళలాడుతున్నాయి.

"ఒక్కొక్క గింజ ఒక్కొక్క వైపు తిరిగి ఉంది చూశావా? వరిపన అనుకో, పరదేశీ. పనలో గడ్డి అంతా ఒకే వైపుంటుంది. నిలువుగా చీల్చడం సులువు, అడ్డంగా తెంచడం కష్టం. కర్ర అలాంటిది. అదే కళ్లంలో ధాన్యం రాశి అనుకో. గింజలు అన్ని వైపులకీ పడి ఉంటాయి. ఎటు నుంచి చెయ్యి పెట్టినా ఒకటే. పోత ఇనుము అలాంటిది. గింజకి దిక్కుండొచ్చు, రాశికి ఉండదు. అందుకే చల్లారేటప్పుడు ఇనుము అన్ని వైపులా సమానంగా కుదించుకుంటుంది. అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు, నిలువూ అంతే, అడ్డమూ అంతే. అన్ని దిక్కులా ఒకేలా ఉండేదాన్ని ఐసోట్రోపిక్ అంటారు, మన మాటల్లో సమదైశికం. అన్ని చోట్లా ఒకేలా ఉండేదాన్ని హోమోజీనియస్ అంటారు, సజాతీయం. రెండూ వేరువేరు గుణాలు. ఒకటుండి రెండోది లేకపోవచ్చు."

"పేర్లు తరవాత సెప్తురు గాని, ముందు ఆ కొస నొక్కిపట్టండి మేష్టారూ," అన్నాడు ఏసుదానం. "వజ్రం సల్లారిపోతంది."

మేష్టారు నవ్వి, పంచె ఎగగట్టి, వలయం కొస నొక్కిపట్టారు. అలా పట్టుకునే అడిగారు.

"అయితే మేస్త్రీ, మరి చెరుకు సంగతేటి?"

"సెరుకు రెండు విధాలా సెడ్డదే. నిలువునా సీలుద్ది, అడ్డంగా సీలదు. మొదట్లో తీపి, కొసకొచ్చేసరికి సప్పన. దిక్కూ ఒకటి కాదు, సోటూ ఒకటి కాదు."

"రెండు విధాలా మంచిదుందా?"

ఏసుదానం చేయి ఆపకుండానే చెప్పాడు. "మాడుగుల హల్వా. బాగా కలియబెట్టినోడిదైతే ఏ మూల కోసినా అదే, ఎటు కోసినా అదే. మీరు తెత్తే పరీక్ష సేద్దుం."

మర్నాడు మేష్టారు నిజంగానే హల్వా తెచ్చారు. మేస్త్రి కత్తితో నిలువూ అడ్డమూ కోసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, పాసయిందన్నాడు.

అయినా ఆ రోజు నా మనసులో నాటుకున్నది హల్వా కాదు. ఏసుదానం చేస్తున్న పని. కర్రకున్న గుణం ఆయన మార్చలేడు. ప్రతి ముక్కా అడ్డంగా ముడుచుకునేదే. కాని ముక్కలను చుట్టూ తిప్పి పేర్చేసరికి, ఏ ముక్క ముడుచుకున్నా అన్ని వైపులా సమానంగానే ముడుచుకుంటుంది. చక్రం వెంట్రుకవాసి చిన్నదైతే అవుతుంది, గుడ్డు మాత్రం కాదు. దిక్కును బట్టి మారే కర్రతోనే, మేష్టారు చెప్పిన ధాన్యం రాశిలా అన్ని వైపులా ఒకేలా ఉండే చక్రం చేశాడు. ఎవరి పుస్తకంలోనూ చూసి కాదు.

నూకరత్నం రోజు విడిచి రోజు వచ్చి చూసిపోయేది. గుమ్మంలోనే కూర్చునేది.

"మేస్త్రీ, ఈసారి ఏటి పెడతన్నారు? బాతు గుడ్డా?"

"నువ్వు సెరుకు కొయ్యకుండా కూకో అమ్మా. సక్రం తిరిగేక కోద్దువు గాని."

"ఈసారి నా సెవులతో వింటే గాని కత్తి పట్టను."

నమూనా పదో రోజుకు తయారైంది. మధ్యలో ఇరుసు భాగానికి దిమ్మె అమర్చి, పళ్లు ఒక్కొక్కటీ విడిగా చెక్కి అతికించాడు. పైన మూడు పూతలు లక్క పూశాడు, ఇసుకలో చెమ్మ కర్రకు అందకుండా. పుల్ల పెట్టి తిప్పాడు. ఎక్కడా తేడా లేదు. నేను అనకాపల్లి తీసుకెళ్లి పోత పోయించి, నాలుగో రోజున చక్రం తెచ్చాను. పుల్ల పెట్టి తిప్పితే చక్కగా సరిపోయింది. బిగించేద్దామని నేను తొందరపడ్డాను. శివరాత్రికి ఇంక ఆరు రోజులే ఉంది.

మేస్త్రి పుల్ల పక్కన పెట్టి నా వంక చూశాడు.

"దిక్కు సంగతి నేను సూసేను. సోటు సంగతి నువ్వు సూడాల. ఇనుము నీది."

ఇనుము అన్ని చోట్లా ఒకటేనని నా నమ్మకం. అయినా ఆయన మాట తీసేయలేక చక్రాన్ని తాడుతో దూలానికి వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్కొక్క పన్ను దగ్గరా కొట్టుకుంటూ వచ్చాను. మొత్తం యాభై ఆరు పళ్లు. గంటలా మోగుతూ వచ్చింది. నలభై దాటాక ఒక చోట బీటవారిన కుండ మీద కొట్టినట్టు చప్పుడు పడిపోయింది. మళ్లీ కొట్టాను. అంతే. సన్నటి డ్రిల్లుతో ఆ పన్ను మొదట్లో తొలిస్తే లోపల చింతగింజంత ఖాళీ తగిలింది. ఇనుము గడ్డకట్టేటప్పుడు గాలి చిక్కుకుపోయింది. ఎంత జాగ్రత్తగా పోసినా ఒక్కోసారి అలా జరుగుతుంది. పైకి ఏమీ కనబడలేదు.

ఆ కన్నంలో సీసం పోసి ఆకురాయితో అంచు నున్నగా రాస్తే ఎవరికీ తెలియదు. పది రోజులు తిరుగుతుంది, నెల కూడా తిరగొచ్చు. నూకరత్నం గుమ్మంలోనే ఉంది. నేనేమంటానా అని చూస్తోంది. మేస్త్రి మాత్రం నా వైపు చూడలేదు. ఉలి పదును పెట్టుకుంటున్నాడు.

"ఇది పనికిరాదు నూకరత్నమ్మా. ఈ పన్ను దగ్గర ఇనుము మిగతా చోట్లలా లేదు. గానుగ నిండా చెరుకు ఉండగా విరుగుతుంది. మళ్లీ పోయిస్తాను," అన్నాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. గుమ్మంలోంచి లేచింది.

"బండి కట్టిస్తాను. బస్సు కోసం కూకుంటే ఇంకో పూట పోద్ది. మొదటిసారే ఈ మాట సెప్పుంటే నా అరెకరం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగేది కాదు గదరా!"

"మొదటిసారి నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసింది గదా. పద."

ఆ మాటకు నేను ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. అంతకన్నా ఎక్కువగా, ఉలి మీద నుంచి తల ఎత్తని ఆ పెద్దాయనకు. ఆయన నోటితో చెబితే నేను చేసేవాణ్నేమో గాని, నేర్చుకునేవాణ్ని కాదు.

మళ్లీ పోత పోయడానికి ముందు మేస్త్రి నమూనాకు పుల్ల పెట్టి చూశాడు. తడి ఇసుకలోకి వెళ్లి వచ్చినా అది గుండ్రంగానే ఉంది. ఈసారి వచ్చిన చక్రాన్ని వేలాడదీసి యాభై ఆరు పళ్లూ కొట్టాను. చివరి పన్ను దాకా ఒకే మోత. అప్పుడు సుత్తి మేస్త్రి చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు. "నువ్వు విన్నావు గదా, సాలు," అన్నాడు.

శివరాత్రికి ముందురోజు పొద్దున్నే మేస్త్రీ నేనూ వడ్డాది దారిన బండి మీద వెళ్లాం. చక్రం ఇరుసుకు ఎక్కించి, చీల బిగించి, ముందు చేత్తో తిప్పాను. రెండు చక్రాల పళ్ల మధ్య దళసరి కాగితం ఒకటి పెట్టి చుట్టంతా చూశాను. ఎక్కడా చిరగలేదు, ఎక్కడా జారలేదు. ఇంజను తిప్పాం. చప్పుడు మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా, కాని ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చింది. మూలుగు లేదు, టకటక లేదు. నూకరత్నం చెవి దగ్గరగా పెట్టి పది చుట్లు విని, వెనక్కి తిరిగి చేను వైపు చెయ్యి ఊపింది. అక్కడ కత్తులు పట్టుకుని నిలబడ్డవాళ్లు చెరుకులోకి దిగారు.

ఏసుదానం మేస్త్రికి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. కర్రను వేళ్లతో తడిమి నార ఎటు పోతోందో చెబుతాడు. అప్పుడప్పుడు వెళ్లి ఆయన బీటవారిన బల్ల పక్కన కూర్చుంటాను. కొత్త వస్తువు ఏది నా చేతికొచ్చినా ఆయన నేర్పిన రెండు ప్రశ్నలే ముందు అడుగుతాను. చోటు మారితే మారుతుందా? దిక్కు మారితే మారుతుందా? ఇరవై ఏళ్లు ఇంజన్లు విప్పి నేను అడగని ప్రశ్నలు అవి.

ఆ రోజు గానుగ దగ్గర మొదటి కుండెడు రసం పట్టేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. తరవాత బండిలోంచి కర్ర నమూనా తెచ్చాడు. పాత దుప్పటి ముక్కలో చుట్టి, పైన వెదురు కొలపుల్లను పురికొసతో కట్టి ఉంచాడు.

"ఇది నీ దగ్గర ఉండాల నూకరత్నమ్మా. పొయ్యి పక్కన పెట్టకు, తడి నేల మీద పెట్టకు. మళ్లీ ఎప్పుడైనా సక్రం ఇరిగితే, పోత పోయించే ముందు ఈ పుల్ల పెట్టి సుట్టూ తిప్పి సూడు. అన్ని పక్కలా సరిపోతేనే పంపు."

ఆమె చేతులకున్న చెరుకు రసం కొంగుకు తుడుచుకుని, నమూనాను రెండు చేతులా అందుకుంది.